కథ కంచికి, మనమింటికి

మన తెలుగు యిండ్లలో కథ లన్నియు నొక్క మాటతోనే ముగియును: కథ కంచికి, మనమింటికి. కథ కంచికే యేల పోవలయునని చిన్ననాడు మేమడిగితిమి. మా అమ్మమ్మగారికిని తెలియలేదు, అడుగబోయిన పురోహితులవారికిని తెలియలేదు. పెద్దవారమైన పిదప మాకు తోచిన చిక్కు వేఱొకటి. కథ యెక్కడికి పోయినను పోనిండు. మనము తిరిగి పోవలసిన యింటిలో నొక మనిషి లేకపోయినప్పుడు ఆ రెండవ సగము నెట్లు పలుకుట? వినోదమునకై సినిమాకు పోయిన స్త్రీ ఆట ముగిసి దీపములు వెలిగినంతనే, ఇంటి తాళముచెవి చేతికి తగిలి, గుండె గుభేలుమనుట మేము కన్నులార చూచితిమి. ఆ సంగతి ముందు చెప్పెదము. దానికి పూర్వము కథలు పుట్టెడు కొండ నొకదానిని సోదరీమణులకు చూపవలసియున్నది.

హైదరాబాదునందలి జూబిలీహిల్సు, ఫిలింనగరు ఒకప్పుడు బండరాళ్ల గుట్టలు. చెన్నపట్టణమున పెరిగిన తెలుగు సినిమా క్రమముగా ఈ రాళ్లమీదికి కాపురము మార్చుకొనినది. అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు ఈ కొండలమీదను, వీని ప్రక్కలను వెలసినవే. దిగువనున్న కృష్ణానగరులో చిన్న వేషములవారును, దీపములు మోయువారును, కుట్టుపనివారును కాపురముందురు. పైనున్నవారి మేడలను గురించి వ్రాసినంత వీరి యిరుకుగదులను గురించి పత్రికలు వ్రాయవు. మేమును ఇప్పుడు వ్రాయుట లేదు గనుక పరులను తప్పుపట్టుటకు మాకు నోరు లేదు.

ఈ కొండమీద నమ్మకమునకు లోటు లేదు. జూబిలీహిల్సున పెద్దమ్మతల్లి గుడి యున్నది. ఫిలింనగరులో దైవసన్నిధానమను దేవాలయ సముదాయమున్నది. చిత్రమును కొబ్బరికాయ కొట్టి మొదలిడుదురు, గుమ్మడికాయ కొట్టి ముగింతురు. అన్నిటికిని ముహూర్తము కావలయును. ఇక కొండ అంచున మహాప్రస్థానమను శ్మశానవాటిక యున్నది. కథలు తీయు చోటికిని కథ ముగియు చోటికిని నడుమ దూరము స్వల్పమే. 2022వ సంవత్సరమున కృష్ణగారి కుటుంబము ఆ త్రోవను ముమ్మారు నడిచినది. జనవరిలో పెద్దకుమారుడు రమేశ్‌బాబు, సెప్టెంబరులో భార్య ఇందిరాదేవిగారు, నవంబరులో కృష్ణగారు. ఒక్క యేటిలో అన్నను, తల్లిని, తండ్రిని పోగొట్టుకొనిన మహేశ్‌బాబు తిరిగి ముఖమునకు రంగు వేసికొని నిలువవలసినవాడే. అట్టి యిండ్ల గుమ్మములయొద్ద కెమెరాలు పట్టుకొని, కన్నీటిచుక్క యెప్పుడు రాలునాయని కాచుకొని కూర్చుండువారి మర్యాదను గురించి మేమేమియు చెప్పము.

మేము చెప్పబూనినది ముఖ్యముగా అక్కినేని నాగేశ్వరరావుగారి సంగతి. 1924లో కృష్ణాజిల్లా రామాపురములో రైతు కుటుంబమున పుట్టి, చదువు కొలదిగానే సాగి, బాల్యమున నాటకములలో స్త్రీవేషములు ధరించి పేరు తెచ్చుకొనినవారు. 1949లో అన్నపూర్ణగారిని వివాహమాడిరి. 1974లో అమెరికాలో ఆయన గుండెకు శస్త్రచికిత్స జరిగినది. అట్టి గండము గడచినవాడు విశ్రాంతి కోరుట సహజము. ఆయన అది కోరక, బంజారాహిల్సున రాళ్లగుట్టపై 1975–76 సంవత్సరములలో స్టూడియో కట్టించి, దానికి భార్య పేరు పెట్టిరి. ఎన్నియిండ్లలో ఇల్లాలి పేరు ముంగిలిపలకమీద కనబడును? వంటయింటి గిన్నెలమీద చెక్కించిన పేరు తప్ప వేఱుచోట తన పేరు చూచుకొనని యిల్లాండ్రు మనలో నెందరో యున్నారు. అందుచేత ఈ చిన్న సంగతి మాకు పెద్దదిగా తోచినది.

అన్నపూర్ణగారు 2011 డిసెంబరులో కన్నుమూసిరి. అరువదిరెండేండ్ల కాపురము. నాగేశ్వరరావుగారు దైవపూజలయందు తనకు విశ్వాసము లేదని దాపరికము లేక చెప్పుకొనినవారు. ఐనను తెలుగు దేశమునకు విప్రనారాయణుని, జయదేవుని, తుకారాముని చూపినది ఆయనయే. తుకారాముడు వైకుంఠమునకు పోవుచుండగా టెంటుహాలులో కర్పూరము వెలిగించిన అవ్వలను మేమెఱుగుదుము. ఆ అవ్వల నమ్మకము అబద్ధమా? నమ్మనివాడు నమ్మినవానివలె నటించుట కపటమా? మేము చాలకాల మీ ప్రశ్నతో పెనుగులాడితిమి. కథ చెప్పువాడు తన నమ్మకమును మనకీయడు. మన నమ్మకము కూర్చుండుటకు పీట వేయును. పీట గట్టిగా నుండవలయును గాని, వేసినవాడే దానిమీద కూర్చుండవలయునను నియమ మెక్కడిది?

ఆయన జీవితములో మఱొక చిత్రమున్నది. పునర్జన్మకథలలో మనవారు మిక్కిలి ప్రేమించిన రెండు చిత్రములందును ఆయన యున్నారు. మొదటిది 1964లో ఆదుర్తి సుబ్బారావుగారు తీసిన ‘మూగమనసులు’, రెండవది 2014లో విక్రమ్ కుమార్ తీసిన ‘మనం’. నడుమ సరిగా ఏబదియేండ్లు.

మూగమనసులలో గోదావరిమీద పడవ నడపు గోపి, జమీందారు బిడ్డ రాధ. రాధకు పెండ్లియై వైధవ్యము ప్రాప్తించును. లోకుల నోళ్లు ఊరకుండవు. తుదకు గోదావరి యిద్దరిని పొట్టబెట్టుకొనును. వారే మఱొక జన్మమున నూతన దంపతులై అదే నదిమీద ప్రయాణము చేయుచు గతమును తలచుకొందురు. నాగేశ్వరరావుగారిని, సావిత్రిగారిని గురించి అందఱును మాటలాడుదురు. మా దృష్టి యెప్పుడును గౌరిమీదనే నిలిచినది. జమునగారు ధరించిన పాత్ర యది. గోపిని ప్రేమించి, వానిచే ప్రేమింపబడక, వాడు పోయిన పిదప ముసలిదై ఆ సమాధులను కనిపెట్టుకొని యుండినది గౌరియే. వచ్చినవారికి కథ చెప్పునదియు ఆమెయే. చచ్చినవారికి రెండవజన్మ దొరికినది; బ్రతికిన గౌరికి కథ చెప్పు పని దొరికినది. హిందీలో ‘మిలన్’ పేరున ఈ చిత్రమును తీసినప్పుడును ఆ వేషము జమునగారే వేసి బహుమానము పొందిరి. 2023 జనవరిలో జమునగారు హైదరాబాదుననే కాలధర్మము నొందిరి. ఆ వార్త చదివిన దినమున మాకు కన్నులయెదుట మెదలినది సత్యభామ వేషము కాదు, సమాధుల కడ ముసలి గౌరి.

ఇక ‘మనం’. ఒక బాలుని తలిదండ్రులు తమలో తాము కలహించుకొని, ఆ కలహము తీఱకమునుపే మోటారుకారు ప్రమాదములో మరణింతురు. బాలుడు పెరిగి ధనవంతుడగును. తలిదండ్రుల పోలికగల పడుచువారు కనబడగా వీరే వారని గుర్తించి, ఈ జన్మమునందైనను వారికి పొత్తు కుదుర్చవలయునని పాటుపడును. ఆ ధనవంతుడును అతడు ప్రేమించిన వైద్యురాలును మఱొక ముదుసలికి పూర్వజన్మమున తల్లిదండ్రులట. ఆ తొంబదియేండ్ల ముదుసలి నాగేశ్వరరావుగారు. తన కొడుకు నాగార్జునను తెరమీద తండ్రిగా భావించి పిలుచు ఘట్టము చూచి నవ్వినవారును ఏడ్చినవారును కలరు. ఒకేసారి రెండును చేసినవారు మఱియు నెక్కువ. పేర్లును తారుమారు. తాత పేరు కొడుకునకు, కొడుకు పేరు మనుమనికి, మనుమని పేరు తాతకు పెట్టిరి.

ఇది మన యాడువారికి క్రొత్త సంగతి కాదు. తాత పేరు మనుమనికి పెట్టుట మన యాచారము. మామగారి పేరు నోట పలుకరాదు గనుక కోడలు తన కన్నబిడ్డనే పేరు పెట్టి పిలువలేక, చిన్నా యనియో బాబూ యనియో పిలుచుచుండును. కోపము వచ్చి కొట్టబోయినప్పుడు మామగారు జ్ఞప్తికి వచ్చి చేయి వెనుకకు తీసికొనిన కోడండ్రు కలరు. పునర్జన్మను శాస్త్రము నిరూపించునా లేదా యను వాదము పండితులకు విడిచిపెట్టుదము. పోయినవారిని ఇంటిలోనే యుంచుకొనుటకు మనవారు కనిపెట్టిన యుపాయమిది.

2013 అక్టోబరులో నాగేశ్వరరావుగారు పత్రికలవారిని పిలిచి తనకు క్యాన్సరు వ్యాధి వచ్చినదని తామే చెప్పిరి. పెద్దరోగము పేరు ఇంటిలోనే చెవులు కొఱుక్కొను అలవాటుగల మనకు అది వింతయే. ‘మనం’ చిత్రములో తన పాత్రకు గొంతు నిచ్చుట మిగిలియుండెను. వేఱొకరు తన గొంతును అనుకరించి చెప్పుట ఆయన కిష్టము లేదు. పరికరములను ఇంటికే తెప్పించుకొని, శక్తి యుడిగిన స్థితిలోనే తన మాటలన్నియు తానే చెప్పి ముగించిరి. 2014 జనవరి 22వ తేదీన మరణించిరి. మఱునాడు భార్య పేరుగల ఆ స్టూడియో ప్రాంగణముననే దహనసంస్కారము జరిగినది. చిత్రము మే నెల 23వ తేదీన విడుదలయైనది. అప్పటికి నాలుగు మాసములుగా లేని మనిషి తెరమీద నవ్వుచు, తన తలిదండ్రులు మరల పుట్టిరని సంతోషించుచుండెను.

ఆ చిత్రమునకు మేము మా మేనత్తగారిని తీసికొనిపోతిమి. ఆమెకు ఒక్కడే కొడుకు. 2009లో వాడు స్కూటరుమీద పోవుచు లారీక్రింద పడి మరణించెను. కోడలు అప్పటికి నిండు చూలాలు. ఇంటిలో వాని మాట యెత్తువారు లేరు. వాని ఫోటో ముందుగదిలోనుండి పడకగదికిని, పడకగదినుండి బీరువాలోనికిని పోయినది. ఆమె బాధపడునేమోయని మేమందఱము వాని పేరు మ్రింగితిమి. మేము చెప్పకపోవుటచే ఆమె మఱచునని తలచితిమి కాబోలు! ఎంత తెలివిమాలిన దయ!

ఆట ముగిసి దీపములు వెలిగినవి. జనము లేచిరి. అత్తగారు లేవలేదు. చేతిసంచిలో తాళముచెవి పట్టుకొని అట్లే కూర్చుండిరి. తప్పు చేసితిమని మేము భయపడితిమి. ఇంటికి వచ్చి, కాళ్లు కడుగుకొని, అన్నమునకు ఎసరు పెట్టి, పొయ్యి ప్రక్కన నిలుచుండి ఆమె అయిదేండ్లకు మొదటిసారి నోరు విప్పిరి.

“ఆ పిల్లవాని తల్లిదండ్రులు పోట్లాడుకుంటూ పోయారు చూశావా? నేనూ అంతే. వాడు ఆ రోజు ఎనిమిదైనా లేవలేదు. పెళ్లాం నిండునెలలతో నీళ్లు మోస్తుంటే నీకు సిగ్గులేదా అన్నాను. వడ్డించిన కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆ కంచం నేనే కడిగాను.”

మేమేమి చెప్పగలము? వాడు తిరిగి పుట్టుననియా? ఇరుగుపొరుగువారు ఆ మాట చెప్పనే చెప్పిరి. కోడలికి కొడుకు పుట్టినచో వాడే వచ్చినట్లనిరి. ఆడుపిల్ల పుట్టగా ఊరకుండిరి. ఒకావిడ ఊరకుండక, పూర్వజన్మమున ఏ తల్లికి కడుపుకోత పెట్టితివో యనెను. కోడలి జాతకము మంచిది కాదని మఱొకావిడ. ఇక్కడ మేము కొంచెము కఠినముగా వ్రాయక తప్పదు. పోయినవాడు మరల కలియునను నమ్మకము తల్లికి ఊతకఱ్ఱ. నీ పాపముచేతనే పోయెననునది అదే కఱ్ఱతో తల పగులగొట్టుట. రెండును జన్మాంతరముల మాటలే. మొదటిది చెప్పుటకు మనసుండవలయును. రెండవది చెప్పుటకు నోరుండిన చాలును. రెండవ మాట చెప్పువారిని గడప దాటనీయకుడని మాత్రము మేము సోదరీమణులను వేడుకొందుము.

నవ్వించు వృత్తివారి దుఃఖము మఱియొక రీతి. కోట శ్రీనివాసరావుగారు, బాబూమోహన్‌గారు జంటగా తెరమీదికి వచ్చినచో ఒకప్పుడు పిల్లలు కడుపులు పట్టుకొని నవ్వెడివారు. 1991లో వచ్చిన ‘మామగారు’ చిత్రము మన పాఠకురాండ్రు పలువురు చూచియేయుందురు. 2003లో బాబూమోహన్‌గారి కుమారుడు రోడ్డుప్రమాదమున పోయెను. 2010లో కోటగారి కుమారుడును అట్లే పోయెను. ఇద్దఱు హాస్యగాండ్రు, ఇద్దఱికిని ఒకే తీరు కడుపుశోకము. కోటగారు ఆ పిదపను నటించుచునేయుండిరి. 2013లో ‘అత్తారింటికి దారేది’లో ఆయన్ను చూచి హాలు హాలంతయు నవ్వినది. 2025 జూలై 13న ఫిలింనగరునందలి స్వగృహముననే ఆయన మరణించిరి. నెల తిరుగునప్పటికి మఱికొన్ని దినములకే భార్యయు వెంటపోయిరి. కొడుకును పోగొట్టుకొనిన తండ్రి నవ్వించుట గొప్పయని పొగడుట మా యుద్దేశము కాదు. పనికి పోకుండ నింట కూర్చుండి యేడ్చినవాడు బలహీనుడని యెవ్వరనగలరు? మాకు తెలిసినంతవరకు, చేతికి అలవాటైన పని కొందఱిని నిలుపును. కోటగారికి వేషము, మా అత్తగారికి ఎసరు. అందువలన దుఃఖించు నిల్లాలిని, నీవు కూర్చుండుము, మేమే చేసెదమని వంటయింటినుండి మఱియు మఱియు వెడలగొట్టు బంధువులు ఒకింత ఆలోచింపవలయును. పదిదినములు అట్లు చేయుట దయ. పది నెలలు చేసినచో ఆమెకు మిగిలిన యొక్క ఆధారమును లాగివేయుటయే.

ఆ యేడు శ్రావణమాసమున అత్తగారి యింట వరలక్ష్మీవ్రతము. వ్రతకథ వినునప్పుడు అక్షతలు చేతబట్టుకొని విని, కథ ముగిసిన పిదప తలమీద వేసికొనుట మన పద్ధతి గదా. చేతిలో అక్షతలు లేక కథ వినరాదని పెద్దలందురు. కోడలు ప్రతియేడును వెనుకగదిలో తలుపుచాటున, ఒట్టి చేతులతో విను చుండెడిది. చారుమతి కథ ఆమెకు కంఠస్థమే. ఆ యేడు అత్తగారు పళ్లెము తీసికొని వెనుకగదికి పోయి, కోడలి గుప్పిట విప్పి అక్షతలు పోసి, చేయి పట్టుకొని తీసికొనివచ్చి తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి. వచ్చిన ముత్తైదువలలో ఇద్దఱు తాంబూలము పుచ్చుకొనకయే లేచిపోయిరి. తక్కినవారు కూర్చుండిరి. కథ సాగినది. ఇంతకంటె అద్భుతమేమియు జరుగలేదు.

అత్తగారు దేవుని నమ్ముదురా యని మమ్ము నడిగినచో అవుననియే చెప్పుదుము. వాడు మరల పుట్టెనని నమ్ముదురా యన్న మాత్రము చెప్పలేము. మనుమరాలి ముక్కు వానిదేయని యనుకొందురు. అది వంశలక్షణమని డాక్టర్లందురు, అత్తగారును కాదనరు. కాని ఫోటో మరల ముందుగదిలోనికి వచ్చినది. రాత్రిపూట పిల్లకు కథ చెప్పునప్పుడు రాజుల కథలతో కూడ దాని తండ్రి కథలు చెప్పుట మొదలిడిరి. మామిడిచెట్టెక్కి పడినది, లెక్కలలో తప్పినది, పెండ్లిచూపులనాడు జంధ్యము తెగినది. మొదట కొన్నాళ్లు ఆ కడపటి దినము నొదలివేసి చెప్పిరి. పిల్ల నాలుగు కథలు విని అయిదవది అడిగెను, ఆరవది అడిగెను. అడుగగా అడుగగా కథలన్నియు నయిపోయి అది యొక్కటే మిగిలినది. ఒకరాత్రి దానినిగూడ చెప్పిరి. కంచము సంగతితో సహా చెప్పిరి. కోడలు ప్రక్కగదిలో దుప్పట్లు మడతపెట్టుచు చేయి ఆపి వినుచుండినది.

మేము క్రిందటిసారి పోయినప్పటికి పిల్ల పెద్దదైనది, కథలు వినుటకు సిగ్గుపడు వయసు. ఐనను దీపమార్పిన పిదప నాయనమ్మ ప్రక్కకు జరిగి, మేము నిద్రపోయితిమనుకొని, మెల్లగా అడుగుచుండెను.

“నాయనమ్మా, నాన్న ఎనిమిదైనా లేవకపోతే నువ్వు తిట్టావే, అది చెప్పు. మొదటినుంచి చెప్పు.”

“ఎన్నిసార్లు చెప్పనే?”

“నువ్వు సిగ్గులేదా అన్నప్పుడు నాన్న ఏ చెవి గోక్కున్నాడు?”

“ఎడమ చెవి,” అని అత్తగారు మొదలిడిరి.